ఏడు వందల ఇరవై తొమ్మిది పొరలు

మా బేకరీకి ఎదురుగా ఉన్న ఆఫీసు ఏ పని చేస్తుందో ఇరవై రెండేళ్లుగా నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా సాయంత్రం నాలుగింటికి అక్కడ అరవై మందికి ఆకలేస్తుందని. బాపట్ల స్టేషన్ రోడ్డులో బేకరీ పెట్టుకున్నవాడికి ప్రభుత్వం గురించి అంతమాత్రం తెలిస్తే చాలు.

ఆ ఆకలిని రోడ్డు దాటించి నా దగ్గరికి తెచ్చేవాడు అటెండర్ సువర్ణరాజు. నాలుగింటికి పైనుంచి బెల్లు మోగుతుంది. ఆ బెల్లు మా షాపులోకీ వినపడుతుంది. రెండు నిమిషాల్లో సువర్ణరాజు మూతగంప పట్టుకుని దిగుతాడు. మా మస్తాన్ వలీ బట్టీలోంచి తీసిన కీమా పఫ్‌లు అందులో పేరుస్తాడు. అవి మొదట పెద్దాఫీసరు గదికి వెళ్తాయి. తర్వాత సూపరింటెండెంట్లకు, ఆ తర్వాత గుమాస్తాలకు, చివర రికార్డు రూములో ఉండే ముసలాయనకు. ఈ వరుస ఎక్కడా రాసిలేదు, కానీ ఒక్క రోజూ తప్పలేదు. వరుస పూర్తయ్యేసరికి గంప అడుగున ఒకటి మిగులుతుంది, చల్లగా, మెత్తబడి. అది సువర్ణరాజుది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో, నేను షాపు పెట్టకముందు ఎవరి దగ్గర కొన్నవైనా సరే, వేడి పఫ్ మోశాడే గానీ తినలేదు.

ఏప్రిల్లో అతను రిటైరవుతున్నాడు.

"సెట్టిగారూ, నాకు శాలువా, మెమెంటో అంటన్నారు. అయ్యన్నీ ఎందుకండీ. పార్టీలో కీమా పఫ్ పెట్టిచ్చమని అడిగా," అన్నాడు ఒకరోజు గంప కింద పెట్టి. "కుర్చీలో కూర్చొని, ఒక్కటంటే ఒక్కటి, పొగలు కక్కేది తినాల. అంతే."

"ఒక్కటేం ఖర్మ, నాలుగు తిను. నేను చూసుకుంటాగా," అన్నాను.

ఈ కథలో నేను చేసిన తప్పులన్నీ "నేను చూసుకుంటాగా" అన్న తర్వాతే మొదలయ్యాయి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను మాంసం ముట్టను. మా ఇంట్లో ఉల్లిపాయకు కూడా శుక్రవారం సెలవు. నేను అమ్మే కీమా పఫ్ ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఉప్పు సరిపోయిందో లేదో మస్తాన్ మొహం చూసి తెలుసుకుంటాను. రుచి చూడనివాడికి లెక్కే మిగులుతుంది కాబట్టి, బరువెంత, ట్రేకి ఎన్ని, బట్టీలో ఎన్ని నిమిషాలు అనే లెక్కలతోనే ఇన్నేళ్లు వ్యాపారం చేశాను. ఒకసారి మస్తాన్ "కీమా ఎక్కువైతే పొర తడిసి పొంగదు సేటూ" అన్నాడు. ఆ మాట నాకు చాలా శాస్త్రీయంగా వినిపించింది. అప్పటినుంచి కీమా తగ్గిస్తూ వచ్చాను. ఎంత తగ్గిందంటే, ఆ ఆఫీసులో ఉగాది పార్టీకి పెద్దాఫీసరు కొరికిన పఫ్‌లో కీమా దొరకలేదు. మరోవైపు కొరికారు, అక్కడా లేదు.

దాంతో "అల్పాహార నిర్ధారణ కమిటీ" పుట్టింది. ఇకమీదట ఆఫీసులో ఏ పార్టీకైనా మూడు కొటేషన్లు తీసుకోవాలి, కొటేషన్లో సరుకు స్వరూపాన్ని సంపూర్ణంగా వర్ణించాలి, ఆ వర్ణనను సరఫరాకు ముందు కమిటీ నిర్ధారించాలి.

మూడు కొటేషన్లు ఎలా పుడతాయో వ్యాపారం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడూ నేనే రాశాను. ఒకటి మా బేకరీ ప్యాడ్ మీద. రెండోది మా బావమరిది కూల్‌డ్రింక్ షాపు ప్యాడ్ మీద. మూడోది ఎనిమిదేళ్ల కిందట మూతపడిన ఒక బేకరీ ప్యాడ్ మీద, దాని ఓనరు వెళ్తూ వెళ్తూ నాకిచ్చాడు. చిక్కంతా వర్ణన దగ్గర వచ్చింది. మూడు ఒకేలా ఉండకూడదు, నాది గొప్పగా ఉండాలి. కీమా గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిదనిపించింది. మరి ఏం రాయాలి?

"మస్తాన్, పిండి ఎన్నిసార్లు మడుస్తావు?"

"ఆరుసార్లు సేటూ. పిండి మీద బటర్ పరిచి పామడం, మూడు మడతలేయడం. మళ్లీ పామడం, మళ్లీ మూడు మడతలు."

కాలిక్యులేటర్ తీశాను. మూడుని మూడుతో ఆరుసార్లు హెచ్చించాను. ఏడు వందల ఇరవై తొమ్మిది! ఇరవై రెండేళ్లుగా అమ్ముతున్న వస్తువులో అంత సంపద ఉందని ఆ రోజే తెలిసింది. మూతపడిన బేకరీకి ఎనభై ఒక్క పొరలు రాశాను. బావమరిదికి రెండు వందల నలభై మూడు ఇచ్చాను, ఎంతైనా చుట్టం. నాది: "పఫ్ ఒక్కింటికి 729 పొరలు, గ్యారంటీ."

నాలుగో రోజు కమిటీ కన్వీనర్, సూపరింటెండెంట్ శేషఫణి గారు షాపుకొచ్చారు. వెంట జూనియర్ అసిస్టెంట్ హైమావతి, ఆమె చేతిలో ఒక ఫైలు, భూతద్దం.

"మాలకొండయ్య గారూ, మీ కొటేషన్ ఆమోదం పొందినది. నూట ఇరవై పఫ్‌లు. సంతోషం. అయితే సదరు ఏడు వందల ఇరవై తొమ్మిది పొరలను నిర్ధారించుకొనవలసి ఉన్నది."

"నిర్ధారించడమంటే?"

"లెక్కించుట."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీరు సంఖ్య తెలియజేశారు కనుక లెక్కిస్తున్నాము. తక్కిన ఇద్దరు వ్యాపారులు కూడా తెలియజేశారు. మన పట్టణంలో బేకరీలు పొరల విషయంలో ఇంత పారదర్శకంగా ఉంటాయని ఇంతకు మునుపు మా దృష్టికి రాలేదు."

ఆ తక్కిన ఇద్దరూ తన ఎదుటే నిలబడి ఉన్నారని ఆయనకు చెప్పాలనిపించింది. చెబితే మూడు చేతులూ ఒకటేనని తేలుతుంది, నా పేరు నల్లజాబితాకెక్కుతుంది, సువర్ణరాజు పార్టీకి బిస్కెట్ పాకెట్లు వస్తాయి. ఒక పఫ్ తెచ్చి బల్ల మీద పెట్టాను.

పొరలు ఎగురుతాయని ఫ్యాను ఆపించారు. హైమావతి జడలోంచి పిన్ను తీసి, ఒక్కో పొర లేపడం మొదలుపెట్టింది. "ఒకటి... రెండు..." అరవై ఒకటి దగ్గర శేషఫణి గారు తుమ్మారు. అరవై ఒక్క పొరలూ నా చొక్కా మీద వాలాయి. రెండో పఫ్ తెచ్చాను. నూట నలభై దాకా వెళ్లింది గానీ, చెమటకి కొన్ని పొరలు ఆమె వేళ్లకు అంటుకున్నాయి. అవి లెక్కలోకి వచ్చినవో రానివో తెలియలేదు. మూడో పఫ్ దగ్గరకొచ్చేసరికి టైము నాలుగున్నర. హైమావతి ఒక పొర లెక్కపెట్టి, చుట్టూ చూసి, నోట్లో వేసుకుంది.

"అమ్మా! సాక్ష్యాన్ని భుజించరాదు."

"ఆకలేస్తంది సార్. లెక్కపెట్టినయ్యేగా తింటన్నా."

మస్తాన్ పిండిచేతులతో వచ్చి నిలబడ్డాడు. "సార్, పఫ్‌ని లెక్కపెట్టేదేంది సార్? కొరికితే చప్పుడు రావాల. చప్పుడొచ్చిందా, పొంగినట్టు. పక్కోడికి కూడా ఇనపడితే ఇంకా మంచిది."

"చప్పుడుకు మా వద్ద కొలమానం లేదు," అన్నారు శేషఫణి గారు. "కావున నమూనా విఫలమైనదని రాయవలసి వస్తుంది."

అక్కడే నా తెలివి పనిచేసింది. "సార్, కాలినదాన్ని లెక్కపెట్టడం కష్టం. పచ్చిపిండి మడిచేటప్పుడే చూసుకోండి. మూడేసి చొప్పున ఆరు మడతలు. కళ్లెదుటే లెక్క తేలుతుంది."

ఆయన ఫైలు ఒకసారి తిరగేశారు. "ప్రత్యక్ష సాక్ష్యం. సబబుగానే ఉన్నది."

మస్తాన్ నా వైపు చూసిన చూపులో ఎన్ని పొరలున్నాయో నేను లెక్కపెట్టలేదు.

పార్టీ రోజు ఉదయం తొమ్మిదింటికి కమిటీ మా బట్టీ గదిలోకి దిగింది. మస్తాన్ పామి మొదటి మడత వేశాడు. శేషఫణి గారు "మూడు" అన్నారు. హైమావతి రాసింది. ఇద్దరు సాక్షులు సంతకం చేశారు, ఒకటి నాది, ఒకటి ఎదురుగా పంక్చర్లు వేసే అతనిది. మడతకీ మడతకీ మధ్య పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే బటర్ కరిగి పిండిలో కలిసిపోతుంది. మస్తాన్ పిండి లోపల పెట్టి తలుపు వేయబోయాడు.

"తలుపు వేయరాదు. పిండి కమిటీ వీక్షణలో ఉండవలెను."

"తలుపు తీసి పెడితే చల్లబడదు సార్."

"మూసి పెడితే కనపడదు కదా."

ఇద్దరి మాటా నిజమే. నేనే మధ్యలో పడి, పక్కనున్న సోడా షాపునుంచి రెండు దిమ్మల ఐసు తెప్పించి ట్రే కింద పేర్చాను. అవి చాలక ఇంకా తెప్పిస్తే, ఆరు మడతలకు మొత్తం ఐదు దిమ్మలు కరిగాయి. బట్టీ గదిలో కమిటీ చీలమండల దాకా నీళ్లలో నిలబడి ఆరో మడతకు సంతకాలు చేసింది. మూడు ఇంటు మూడు ఇంటు మూడు అని హైమావతి కాగితం మీద హెచ్చించి ఏడు వందల ఇరవై తొమ్మిది అని చదివినప్పుడు పంక్చరు అతను చప్పట్లు కొట్టాడు.

మస్తాన్ పిండి పామి, ముక్కలు కోసి, కీమా పెట్టాడు. నేను తగ్గించమని సైగ చేస్తే అటు తిరిగి ఇంకో చెంచా పెట్టాడు. త్రికోణంగా మడిచి, అంచులు నొక్కి, పైన గుడ్డుసొన రాసి బట్టీలోకి తోశాడు. మూడూ ముప్పావుకి నూట ఇరవై పఫ్‌లు బంగారు రంగులో పొంగి బయటికొచ్చాయి. తిననివాణ్ణి, నాకే నోరూరింది. ఆ సంగతి మా ఇంట్లో చెప్పలేదు.

నాలుగింటికి వేడివేడి ట్రేలతో ఆఫీసు హాల్లోకి ఎక్కాను. సువర్ణరాజు ఇస్త్రీ చొక్కాతో, మెడలో బంతిపూల దండతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ హాల్లో అతను కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వాసన తగలగానే నా వైపు చూసి కళ్లెగరేశాడు.

"ఒక్క నిమిషం," అన్నారు శేషఫణి గారు. "లోపల కీమా ఉన్నదీ లేనిదీ నిర్ధారించాలి." ఒక పఫ్ తీసి కత్తితో అడ్డంగా విప్పారు. కీమా నిండుగా ఉంది. ఆయన మొహం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"ఇదేమిటి? కింద కూడా పొరలున్నవి!"

"ఉంటాయి కద సార్," అన్నాను.

"పైభాగంలో ఏడు వందల ఇరవై తొమ్మిది. కిందిభాగంలో మరి ఏడు వందల ఇరవై తొమ్మిది. వెరసి పద్నాలుగు వందల యాభై ఎనిమిది. మంజూరైనది ఎంత?"

"పిండిని మడిచి మూస్తాం సార్. కింద పొర లేకపోతే కీమా ఎక్కడ నిలుస్తుంది?"

"కీమా ఎక్కడ నిలవవలెనో మీ కొటేషన్లో లేదు."

"పోనీ లెండి సార్, ఎక్కువే ఇచ్చాను కదా. మీకు నష్టం లేదు."

"మాలకొండయ్య గారూ, తక్కువ ఇచ్చినవాడి ఉద్దేశం తెలుస్తుంది. ఎక్కువ ఇచ్చినవాడి ఉద్దేశం ఆడిట్ వారు అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పను?"

ఫైలు పెట్టాల్సి వచ్చింది. పెద్దాఫీసరు గారు శేషఫణి గారికి రెండు కుర్చీల అవతలే కూర్చున్నారు, మాటలన్నీ విన్నారు. కానీ ఫైలు రాకుండా ఆయనకు తెలియదు. ఫైలు గుమాస్తా దగ్గర మొదలై, సీనియర్ గుమాస్తా, అకౌంట్స్, సూపరింటెండెంట్ మీదుగా ఆయనకు చేరాలి. ఫైలు మోయడానికి అటెండర్ కావాలి. కొత్త అటెండర్ రేపు చేరతాడు. ఇవాళ సాయంత్రం ఐదు దాకా అటెండర్ సువర్ణరాజే.

ఎవరో అలవాటుగా బెల్లు కొట్టారు. సువర్ణరాజు లేచి నిలబడ్డాడు.

దండ మెడలోనే ఉంది. ఫైలు తీసుకుని మొదటి కుర్చీ దగ్గరికి వెళ్లాడు. వాళ్లు రాసిందాకా నిలబడ్డాడు. రెండో కుర్చీ. మూడో కుర్చీ. ట్రేల మీద ఆవిరి సన్నబడుతోంది. నా పక్కనుంచి పోతూ గొంతు తగ్గించి అడిగాడు:

"సెట్టిగారూ, ఆ పొరల లెక్క ఊరికే కాలిక్యులేటర్లో నొక్కి రాశానని చెప్పరాదా?"

"చెబితే కొటేషన్ల సంగతి బయటకొస్తుంది రాజూ. కాస్త ఓర్చుకో, నేను చూసుకుంటాగా."

అతను ఇంకేదో చెప్పబోయాడు. నాలుగో కుర్చీలోంచి పిలుపొచ్చింది, వెళ్లిపోయాడు.

నాలుగూ నలభైకి ఉత్తర్వు వచ్చింది. పెద్దాఫీసరు గారు లేచి తామే చదివారు. "మంజూరైన ఏడు వందల ఇరవై తొమ్మిది పొరలు గల పైభాగమును అతిథులకు వడ్డించవచ్చును. అదనపు కిందిభాగమును, దానికి అంటుకొని ఉన్న పదార్థముతో సహా, విడదీసి, తదుపరి ఉత్తర్వుల వరకు రికార్డు రూములో భద్రపరచవలెను."

అంటుకుని ఉన్న పదార్థం అంటే కీమా.

విడదీయడానికి చిన్న కత్తులు లేవన్నారు. రోడ్డు దాటి వెళ్లి మా షాపులోంచి నేనే తెచ్చాను. ఎంత సరఫరాదారుణ్ణో చూడండి. నూట ఇరవై మూతలు ప్లేట్లలోకి వెళ్లాయి. నూట ఇరవై అడుగులు, కీమాతో సహా, ట్రేల్లో రికార్డు రూములోకి వెళ్లాయి. మోసింది సువర్ణరాజు. తలుపుకు లక్క సీలు వేశారు. ఆ గదిలో ఉండే ముసలాయన ముందే బయటికొచ్చి, లోపల తన కళ్లజోడు ఉండిపోయిందని తర్వాత చాలాసేపు బాధపడ్డాడు.

ఉపన్యాసాలు జరిగాయి. పెద్దాఫీసరు గారు మూత కొరికి, "సువర్ణరాజు సేవలు ఈ పఫ్ వలె తేలికగా, నిరాడంబరంగా సాగాయి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సువర్ణరాజు తన మూత తిన్నాడు. చల్లగా ఉంది. దండ మీద రాలిన పొరలు ఏరుకుని అవి కూడా తిన్నాడు. నా వైపు చూడలేదు.

మర్నాడు ఉదయమంతా నాకు లెక్కలు కుదరలేదు. మధ్యాహ్నం మస్తాన్‌తో అన్నాను, "నాలుగింటికి ఒక ట్రే వెయ్యి. కీమా నీ ఇష్టం."

"నా ఇష్టమా సేటూ?" అని రెండుసార్లు అడిగాడు.

నాలుగుకి పది నిమిషాల ముందు పంక్చరు అతన్ని పంపి సువర్ణరాజుని పిలిపించాను. గంప లేకుండా వచ్చాడు. కౌంటర్ లోపల నా కుర్చీలో కూర్చోబెట్టాను. బట్టీలోంచి వాసన మొదలైంది.

అప్పుడే ఎదురుగా బెల్లు మోగింది. సువర్ణరాజు సగం లేచాడు. "నిన్ను కాదు," అన్నాను. కూర్చున్నాడు.

మెట్ల మీదినుంచి కొత్త అటెండర్ దిగివచ్చాడు, నడివయసు మనిషి. చేతిలో గంప బదులు కవరు ఉంది. "శేషఫణి గారు పంపించారండీ."

చదివాను. రికార్డు రూములో చీమలు చేరినందున, సదరు అడుగుభాగాలను తొలగించవలసి ఉన్నదని, తొలగింపునకు మూడు కొటేషన్లు కావాలని రాశారు. ఎంత ఇబ్బందిలో ఉన్నా ఆర్డరు ఆర్డరే. సొరుగులోంచి మూడు ప్యాడ్లూ తీశాను. మిగతా ఇద్దరికన్నా నాది గట్టిగా ఉండాలి. "అడుగుభాగములు 120, ఒక్కొక్కటి 36 గ్రాములు, మొత్తం బరువు 4 కిలోల 320 గ్రాములు, తొలగింపు గ్యారంటీ," అని రాశాను.

సువర్ణరాజు తొంగి చూశాడు. "బరువు రాశారా?"

"కచ్చితంగా ఉండాలిగా."

"వాళ్లు తూస్తారు. చీమలు తిన్నది ఎవరు తెచ్చి కలుపుతారండీ?"

నా కలం ఆగిపోయింది.

"నిన్ననే చెప్పబోయా, మీరు ఇనలేదు. ఆ మూడు కొటేషన్లూ మీ చేతిరాతేనని ఆఫీసులో అందరికీ తెలుసు. మూతపడిన బేకరీ వాడిది ఫైల్లో పెట్టింది శేషఫణి గారే. 'నియమం మూడు కాగితాలు కావాలంది, మూడు చేతులు కావాలన్లేదు,' అన్నాడాయన. మీరు ఆ లెక్క తప్పని ఒక్కమాట చెప్పుంటే, కాగితం మార్చిచ్చుకుని అందరం వేడిగా తినేవాళ్లం."

రాసిన కాగితం, మిగతా రెండు ప్యాడ్ల పై కాగితాలూ చింపి, మడిచి, ఎన్ని మడతలో చూసుకోకుండా చెత్తబుట్టలో పడేశాను. కొత్త అటెండర్ జవాబు కోసం నిలబడి ఉంటే, కూర్చోమని బెంచీ చూపించాను. ఎందుకు కూర్చోమంటున్నానో అర్థంకాక అతను నిలబడే ఉన్నాడు.

మస్తాన్ ట్రే తెచ్చాడు. మొదటిది కాగితంలో పెట్టి సువర్ణరాజు చేతికిచ్చాడు. కాగితం చివరలనుంచి ఆవిరి లేస్తోంది. సువర్ణరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ముప్ఫై నాలుగేళ్లు గంపలో మోసిన వస్తువు అదేనా అన్నట్టు. కళ్లు మూసుకుని పెద్దగా కొరికాడు. ఆ చప్పుడు బెంచీ దాకా వినపడింది.

మరుక్షణం నోరు తెరిచి, తల పైకెత్తి, "హా, హా" అంటూ చేత్తో విసురుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మస్తాన్ నీళ్ల గ్లాసు అందించాడు. సువర్ణరాజు తీసుకోలేదు. పఫ్ చేతిలోంచి వదలనూ లేదు. గుటక మింగి, కాలిన నాలుకతో నన్ను కోప్పడ్డాడు:

"ఇంత కాలుద్దని ఒక్క మాట చెప్పకూడదా సెట్టిగారూ!"

ఇరవై రెండేళ్లుగా అమ్ముతున్నాను. నాకూ అప్పుడే తెలిసింది.